తిరువళ్ళూరు రేకుల కొట్టాయి

తిరువళ్ళూరు వెళ్తున్నానంటే మా రేపల్లెలో అందరూ వీరరాఘవస్వామికి మొక్కుకున్నాననుకున్నారు. నిజానికి నేను వెళ్ళింది ఒక రేకుల షెడ్డు చూడటానికి. మా నాటక సమాజానికి స్టేషను రోడ్డులో కాస్త స్థలం దొరికింది. అందులో నాటకశాల కట్టాలని సగంమంది, బాడ్మింటన్ ఆడుకోవటానికి వదలాలని సగంమంది పట్టుబట్టారు. వాళ్ళు తేల్చుకునేలోగా అక్కడ గేదెలు మేస్తున్నాయి. తిరువళ్ళూరులో నాటకం, కుస్తీ, పెళ్ళి, సభ అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయని ఎవరో చెప్పగా, హైస్కూల్లో డ్రాయింగు మేష్టర్ని గనక చూసి బొమ్మ గీసుకురమ్మని నన్ను పంపారు. కార్తీకమాసం. గొడుగు మరిచిపోవద్దని మా ఆవిడ చెప్పింది. మరిచిపోలేదు, మద్రాసు సెంట్రల్ స్టేషన్లో పోగొట్టుకున్నాను.

తిరునిన్రవూరు దాకా

మద్రాసు నుంచి అరక్కోణం వెళ్ళే బండిలో ఎదుటి బల్ల మీద ఒక గుమాస్తా కూర్చున్నాడు. తిరునిన్రవూరు నుంచి రోజూ మద్రాసు వెళ్ళొస్తాడు. నా చేతిలో తెలుగు పత్రిక చూసి పలకరించాడు.

"మీరు ఆంధ్రావా సార్? మాదీ తెలుగే. రాయలవారి కాలంలో వచ్చినామంట. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, అంగట్లో తమిళం. కొట్లాడేటప్పుడు మాత్రం మూడూ వస్తాయి."

నేను వెళ్తున్న పని చెప్పగానే నవ్వాడు. "కొట్టాయికా! నేను టైపు పరీక్ష అక్కడే రాసినాను సార్. నా బెంచీ పక్కన ఎవరిదో మేకను కట్టినారు. నేను తప్పు కొట్టినప్పుడంతా అది అరిచింది. అయినా పాసయినాను."

తిరువళ్ళూరు స్టేషన్లో కాఫీ బాగుంది, చిల్లరే బాగా లేదు. కాఫీ రెండణాలు. కొత్త నయాపైసల్లో పన్నెండిస్తే హోటలతను చాలదన్నాడు. పదమూడిస్తే సంతోషంగా తీసుకున్నాడు. మా ఊళ్ళోనూ ఇదే తగాదా. కాకపోతే అక్కడ నాకు తెలిసిన భాషలో ఓడిపోతాను.

కొట్టాయి

ఊత్తుకోట్టై వెళ్ళే రోడ్డు మీద, ఊరి చివర ఉందది. మనం కొట్టం అనేదాన్నే అక్కడ కొట్టాయి అంటారు. తాటిదూలాల మీద ఇనుప రేకులు పరిచారు. చుట్టూ నడుమెత్తు గోడ, ఆ పైన అంతా గాలికి ఖాళీ. మధ్యలో ఎర్రమట్టి గోదా. ఒక చివర నాటకాల అరుగు, దాని మీద చుట్టచుట్టి కట్టిన రాజమందిరం తెర. రెండో చివర పొడుగాటి గాడిపొయ్యిలు. అటువైపు గోడను మాత్రం పైదాకా లేపి తెల్లసున్నం కొట్టారు. సినిమా వాళ్ళు వస్తే బొమ్మ దాని మీద పడుతుంది. పొయ్యిల పొగకు సున్నం కింది సగం నల్లబడింది. అందువల్ల ఇక్కడి సినిమాల్లో ఎవరికీ కాళ్ళు సరిగా కనపడవని తర్వాత విన్నాను.

దీని యజమాని ఒక ముసలావిడ. అసలు పేరు కనకమ్మ, ఊరంతా కొట్టాయమ్మ అంటారు. నేను వెళ్ళేసరికి గడప మీద కూర్చుని ఆకూ వక్కా నములుతూ గోదా మట్టి తడిపిస్తున్నది. షెడ్డు చూడటానికే అంత దూరం నుంచి వచ్చానంటే ఆవిడ నమ్మలేదు.

"రేకులు కొనేదానికి వచ్చినావా? అమ్మను," అన్నది.

కాదని తెలిశాక కథ చెప్పింది. "మా మామ చెనిక్కాయలు పోసుకునేదానికి వేసినాడు నాయనా. ఆయన పోయినంక మా ఇంటాయన కాయలు తీయించేసి గోదా తవ్వించినాడు. కుస్తీ అంటే పిచ్చి. కాయలుండినప్పుడు దుడ్డు వచ్చేది, పహిల్వాన్లు వచ్చినంక నాకు వంట పని వచ్చింది."

యుద్ధం రోజుల్లో రేషను బియ్యం ఇక్కడే పంచారట. ఒకసారి సర్కసు వాళ్ళు దిగి, జీతాలందక ఎటువాళ్ళు అటు వెళ్ళిపోతే ఏనుగు మాత్రం మిగిలిపోయిందట. దాన్ని ఎవరో వచ్చి తోలుకుపోయేదాకా ఊళ్ళో అరటిచెట్టు నిలవలేదు. పిల్లలకు టీకాలు వేసిందీ ఇక్కడే. అమావాస్యకు వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చే జనం ముందురోజు ఇక్కడే నడుం వాలుస్తారు. ఆదివారం కుస్తీలు. మిగతా రోజుల్లో ఎవరు అడిగితే వాళ్ళకు.

"సభలు లేవా?" అని అడిగాను.

"ఎందుకు లేవు! తిరుత్తణి ఆంధ్రాకే ఉండాలని ఒక వారం, మద్రాసులో కలపాలని ఒక వారం. రెండు తూర్లూ చప్పట్లు కొట్టినోళ్ళు ఒకరే. బయట వడలమ్మే ఆయప్పను అడుగు, చెప్తాడు."

తిరుత్తణి అప్పటికింకా మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఈ రెంటి మధ్యా మాట మారటం మాత్రం నాకెక్కడా కనపడలేదు. అంగళ్ళ బోర్డులు తమిళంలో ఉంటాయి, లోపల బేరం తెలుగులో నడుస్తుంది.

పెళ్ళివారు

మర్నాడు నేను బొమ్మ గీసుకుంటూ ఉండగా పూండి దగ్గరి పల్లె నుంచి రెండు ఎడ్లబళ్ళు వచ్చాయి. మునిసామి నాయుడు అనే రైతు కూతురి పెళ్ళి సామాను. ముహూర్తం ఆ మరుసటి పొద్దున. పల్లెలో ఇల్లు చిన్నది, దారంతా బురద, అందుకని కొట్టాయి మాట్లాడుకున్నాడు. పహిల్వాన్లే గోదా మీద పలకలు పరిచి, నాలుగు మూలలా అరటిబోదెలు నిలబెట్టి పెళ్ళి అరుగు చేశారు.

"ఎట్లాగూ ఇద్దరూ గోదాలో దిగేదే గదా," అని వాళ్ళలో ఒకడన్నాడు. పెళ్ళికూతురు వసంత పెట్టె మీద కూర్చుని ఈ మాట విని నవ్వింది. మా వైపు పెళ్ళికూతురు ఆ పూట అంత గట్టిగా నవ్వితే ముత్తయిదువలు ఊరుకోరు.

మధ్యాహ్నానికి వాన మొదలైంది. రేకుల మీద వాన అంటే చెవిలో చెప్పే మాట కూడా అరిచి చెప్పాలి. వంటవాళ్ళు ఉప్పు అడిగితే పప్పు అందుతున్నది. కాసేపటికి రోడ్డు మీద జనం కనపడ్డారు. ఆడవాళ్ళ నెత్తిన కుండలు, మగవాళ్ళ భుజాన మూటలు. ఒక ముసలమ్మను నులకమంచం మీద మోసుకొస్తున్నారు. పూండి ఆనకట్ట నీళ్ళు వదిలారనీ, కుశస్థలి ఏరు గట్లు దాటిందనీ, ఏటి ఒడ్డున ఉన్న చేరి మునిగిందనీ చెప్పారు. చేరి అంటే ఊరికి దూరంగా హరిజనులుండే వాడ. వాళ్ళు చూరు కింద ఆగిపోయారు. లోపలికి రాలేదు.

కొట్టాయమ్మ లేచి వెళ్ళింది. "ఏంది అట్ల నిలబడినారు? లోపలికి రాండి. గోదా తొక్కద్దండి, అంతే."

వాళ్ళలో పెద్దవాడి పేరు పొన్నన్. అరుగునూ అరటిబోదెలనూ చూసి, "కల్యాణం ఉండాదే అమ్మా," అన్నాడు.

"కల్యాణం రేపు. వాన ఈ పొద్దు," అన్నదావిడ.

వాళ్ళు లోపలికి వచ్చి నాటకాల అరుగు వైపు సర్దుకున్నారు. మునిసామి నాయుడు కాదనలేదు, అవుననలేదు. గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన భయం దేనికో బండి వేళకు తెలిసింది.

మగపెళ్ళివారు తిరుత్తణి దగ్గర పల్లెవాళ్ళు. పెళ్ళికొడుకు దామోదరానికి తండ్రి లేడు. మేనమామ ఏకాంబరం నాయుడు పెంచాడు. సన్నగా నిటారుగా ఉన్న మనిషి. తెల్లటి పంచె మోకాళ్ళదాకా తడిసినా కండువా మాత్రం మడత నలగలేదు. గడప దగ్గర ఆగి లోపలికి చూశాడు.

"ఎవరు వాళ్ళు?"

మునిసామి నాయుడు చెప్పాడు.

"కల్యాణానికి కొట్టాయి మాట్లాడినానంటివి. చేరికి మాట్లాడినట్టు చెప్పలేదే."

"అన్నా, ఏరు వచ్చింది. నేను పిలిచినానా? నాటకాల తెర దించిస్తాను. వాళ్ళు ఆ పక్క, మనం ఈ పక్క."

"తెర దించితే కప్పు రెండవుతుందా?"

ఈ మాటకు కొట్టాయమ్మ ముందుకు వచ్చింది. "కాదు నాయనా. కప్పు ఒకటే. దీని కింద ఎద్దులు పండుకున్నాయి. సర్కసు ఏనుగు పండుకునింది. మనుషులు పండుకుంటే నీకు ఏం పోయింది?"

"మీ కొట్టాయి మీ ఇష్టం. మా పిలకాయ పెళ్ళి మా ఇష్టం."

"ఆమా, అది సరే. యాడ చేసుకుంటావో చేసుకో."

పొన్నన్ అప్పటికే మూట భుజానికెత్తాడు. "మేం పోతాం సామీ. మావల్ల కల్యాణం చెడిందనే మాట మాకొద్దు."

"యాడికి పోతావు? ఏట్లోకా? దించు మూట," అన్నది కొట్టాయమ్మ. ఆయన దించలేదు. అట్లాగే నిలబడ్డాడు.

మునిసామి నాయుడు పెళ్ళి అరుగు అంచున కూలబడ్డాడు. కొట్టాయి ఆయనది కాదు, ఏరు ఆయన చేతిలో లేదు. పెళ్ళి ఆగితే మాట పడేది మాత్రం ఆయన కూతురు. చివరికి ఆయనే తేల్చాడు. "సరే అన్నా. తిరుత్తణి కొండ మీద చేద్దాం. సాయంత్రం బండికి పోదాం."

ఏకాంబరం నాయుడు ఒప్పుకున్నాడు. తమవాళ్ళు స్టేషను దగ్గర హోటల్లో తింటారని చెప్పి అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళికొడుకు అంతసేపూ పలకల సందుల్లోంచి కనపడుతున్న ఎర్రమట్టి వైపు చూస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఇక్కడే కుస్తీ నేర్చుకున్నాడట.

బంతి

గాడిపొయ్యిల మీద ఊరికి సరిపడా అన్నం ఉడికింది. సాంబారు, రెండు కూరలు, అప్పడాలు, పాయసం.

"వడ్డించండి," అన్నాడు మునిసామి నాయుడు.

"ఎవరికి?" అని వంటాయన అడిగాడు.

"ఉన్నోళ్ళకు."

నులకమంచం మీది ముసలమ్మ పేరు ఎల్లమ్మ. ఆవిడ లేచి కూర్చుంది. "పెండ్లి కాకముందే పెండ్లి బువ్వ తింటే తప్పు గాదా సామీ?"

"ఆకలి పెండ్లి చూసుకోని అయితుందా అవ్వా? తిను."

వడ్డించే మనుషులు చాలలేదు. నేను మధ్యాహ్నమే తినేసినవాణ్ణి గనక ఒక బక్కెట్టు అందుకున్నాను. మా కృష్ణాతీరంలో ముద్దపప్పుతో మొదలుపెడతాం. ఆ అలవాటున నేను అన్నం మీదికి పోబోతే ఎల్లమ్మ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మొదట పాయసం ఒక చుక్క సామీ. కల్యాణ సాపాటు గదా." బంతి అంతా వెనక్కి నడిచి, పాయసంతో మళ్ళీ మొదలుపెట్టాను. ఆలస్యమైనందుకు పిల్లలు నన్ను క్షమించలేదు.

బంతి సగంలో ఉండగా దామోదరం ఒక్కడే తిరిగొచ్చాడు. చెప్పులు గడప దగ్గర విడిచి, కాళ్ళు కడుక్కుని, పొన్నన్ పక్కన ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చున్నాడు. పొన్నన్ కాస్త జరిగాడు. దామోదరం కూడా అటే జరిగాడు. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. 

నేను అప్పడాల గంప తీసుకుని వెళ్తుంటే వెనకనుంచి వసంత గొంతు వినపడింది. "సార్, ఆయనకు ఇంకో అప్పడం వేయండి."

అరక్కోణం

నేను తిరుత్తణి మీదుగా రేణిగుంట వెళ్ళి ఇల్లు చేరాలనుకున్నాను. అందుకని పెళ్ళివారి పెట్టెలోనే ఎక్కాను. అరక్కోణంలో బండి మారాలి. దారిలో నీళ్ళున్నాయని తెల్లవారేదాకా తిరుత్తణి బండి కదలలేదు. పెళ్ళి ముహూర్తం ప్లాట్‌ఫారం మీదే గడిచిపోయింది. వెంట వచ్చిన పురోహితుడు పంచాంగం చూసి, పొద్దెక్కాక ఇంకొక లగ్నం ఉందన్నాడు. ఇడ్లీలకు మాత్రం లోటు లేదు. అక్కడ ఇడ్లీ మన ఇడ్లీకంటే చిన్నది, మెత్తన. గట్టిచట్నీ అడిగితే విచిత్రంగా చూశారు.

ఆ బండిలోనే ఒక సంగతి తెలిసింది. వసంత చదివింది తమిళ బడిలో. దామోదరం చదివింది తెలుగు బడిలో. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే, కానీ ఒకరి రాత ఇంకొకరికి రాదు.

"ఉత్తరం రాసుకుంటే ఎట్లాగమ్మా?" అని అడిగాను.

"రాసుకునేంత దూరం పోతే గదా సార్," అన్నది వసంత. ఎదుటి బల్ల మీద దామోదరం కిటికీలోకి తిరిగి నవ్వుకున్నాడు. ఏకాంబరం నాయుడు నవ్వలేదు. నడుముకు కట్టిన చిన్న మూటను మాటిమాటికీ తడిమి చూసుకుంటున్నాడు. అందులో తాళి ఉంది.

కొండ మీద

పెళ్ళి చూసి పొమ్మని మునిసామి నాయుడు పట్టుబట్టగా నేనూ తిరుత్తణిలో దిగాను. వాన తెరిపిచ్చింది. మెట్లు జారుడుగా ఉన్నాయి. నా చెప్పు ఒకటి తెగి, రెండోదాన్ని కూడా చేత పట్టుకుని ఎక్కాను. పైన మండపంలో మూడు నాలుగు పెళ్ళిళ్ళు ఒకేసారి జరుగుతున్నాయి. కావళ్ళు మోసుకొచ్చినవాళ్ళు, గుండు కొట్టించుకున్నవాళ్ళు, ఏ ఊరివాళ్ళో ఏ కులంవాళ్ళో తెలియని జనం తడి బట్టలతో ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఏకాంబరం నాయుడు వాళ్ళను తోసుకుంటూ మనవాళ్ళకు చోటు చేశాడు. ఎవరు మీరని ఎవర్నీ అడగలేదు.

వధూవరులను పీటల మీద కూర్చోబెట్టారు. పురోహితుడు సంకల్పం చెప్పాక ఏకాంబరం నాయుడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట తేలాలి. మా వాళ్ళకు పెండ్లి భోజనం పెట్టలేదు. హోటల్లో తినినాం. వచ్చే వారం మా ఊరికొచ్చి భోజనాలు పెట్టాలి. ఒప్పుకుంటేనే తాళి."

మునిసామి నాయుడు ఒక అడుగు ముందుకు వేశాడు. చేసిన వంట మొత్తం నిన్ననే అయిపోయింది. మళ్ళీ అంత తూగే మనిషి కాడాయన. ఏదో చెప్పబోయేలోగా వసంత తలెత్తింది.

"మా నాయన పెట్టినాడు గదా మామా. తినేదానికి మీరే రాలేదు."

పెళ్ళిపీట మీద పిల్ల మాట్లాడటంతో పక్క పెళ్ళివాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"ఎవరికి పెట్టినాడు?" అన్నాడు ఏకాంబరం నాయుడు. "మా పక్కనుంచి ఒక్కడన్నా తినినాడా?"

"నేను తినినాను," అన్నాడు దామోదరం.

మేనమామ అర్థంకానట్టు చూశాడు. "యాడ?"

"కొట్టాయిలో. పొన్నన్న పక్కన కూచోని. కుస్తీ నేర్చుకునేటప్పుడు నాకు గోదా తడిపి పెట్టింది ఆయప్పే మామా. నిన్న ఆయప్పతో బువ్వ తినినాను. సాంబారు బాగుండింది."

ఏకాంబరం నాయుడి చెయ్యి నడుము దగ్గరి మూట మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. పక్క పెళ్ళిలో మేళం మోగి ఆగింది. నేను చూసినంతవరకు ఆయనకు కోపం కాదు అది. పెంచినవాడికి తెలియకుండా ఒకటి జరిగిపోయిందన్న దెబ్బ. ఆయన చేతిలో తాళి ఉంది, మిగతావాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. దామోదరం చెయ్యి చాచాడు. బతిమాలలేదు.

"తాళి ఇయ్యి మామా."

 దామోదరం తల్లి ఏకాంబరం నాయుడికి అక్క. భర్త పోయిన మనిషి గనక ఆనవాయితీ ప్రకారం దూరంగా స్తంభం పక్కన నిలబడింది. అక్కణ్ణుంచే అన్నది.

"ఏకాంబరం. లగ్నం పోతా ఉండాది."

ఆయన మూట విప్పాడు. తాళిని మేనల్లుడి చేతిలో పెట్టలేదు. అక్షింతల పళ్ళెంలో పెట్టి, వెనుదిరిగి జనంలోంచి మెట్ల వైపు వెళ్ళిపోయాడు. దామోదరం పళ్ళెంలోంచి తీసుకుని కట్టాడు.  తల్లి స్తంభం వదిలి ముందుకు వచ్చి అక్షింతలు వేసింది. రావద్దని ఎవరూ అనలేదు.

కొండ కింద

దిగుతున్నంతసేపూ మునిసామి నాయుడు మెట్ల మలుపుల దగ్గర ఆగి చూశాడు. ఏకాంబరం నాయుడు ఊరికి వెళ్ళిపోయి ఉంటాడనీ, అక్కడ ఏం చెప్తాడోననీ ఆయన దిగులు. కింద వీధిలో ఒక తాటాకుల కాఫీ హోటలు ఉంది. ఏకాంబరం నాయుడు దాని ముందు నిలబడి సర్వరుతో తగాదా పడుతున్నాడు.

"ఆకులు చాలవని చెప్పలేదా? ఇరవై మంది వస్తారు. పొంగలి చల్లారితే నేను ఊరుకోను."

మమ్మల్ని చూసి మాట ఆపాడు. దామోదరం వైపు చూడలేదు. వసంతతో, "కూచోమ్మా. ఎప్పుడు తినినావో ఏమో," అన్నాడు.

అందరం బల్లల ముందు కూర్చున్నాం. పొంగలి, వడ, సాంబారు. ఆయన బల్లల మధ్య తిరుగుతూ అక్కడ నీళ్ళు, ఇక్కడ చట్నీ అని సర్వరును ఉరుకులు పెట్టించాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు వంగి తగ్గు గొంతుతో అడిగాడు.

"సార్, వాళ్ళు ఇంకా ఆ కొట్టాయిలోనే ఉండారా?"

"ఏరు తగ్గేదాకా ఉంటారు కదండీ," అన్నాను.

"ఆ," అని ఆకాశం వైపు చూశాడు. కొండ మీద మళ్ళీ మబ్బు పట్టింది. 

వసంత తన ఆకు వదిలి లేచింది. ఒక ఆకులో పొంగలి, రెండు వడలు పెట్టి, దామోదరం పక్కన ఖాళీగా ఉన్న చోట బల్ల మీద పెట్టింది. "మామా, రాండి."

ఏకాంబరం నాయుడు ఆ ఆకునూ మేనల్లుణ్ణీ చూశాడు. దామోదరం జరిగి చోటు చేశాడు. ఆయన వచ్చి ఆకును చేతిలోకి తీసుకున్నాడు. హోటలు గుంజకు ఆనుకుని, వీధి వైపు తిరిగి తినటం మొదలుపెట్టాడు. కూర్చోమని ఎవరూ రెండోసారి అడగలేదు. ఆయన నిలబడే తిన్నాడు, ఆకులో మెతుకు మిగల్చకుండా.